దేవుడు వరమిచ్చినా పూజారి: ఆఫీసులో అసలు బలం కుర్చీదా, సీటుదా?

పచ్చనోటు: సంతకం ఆఫీసరుదే. కానీ దేనిమీద సంతకం పెట్టాలో తేల్చేది ఫైలులో మొదటి నోటు, అంటే విషయమేమిటో, ఏం చేయాలో చెప్పే ప్రతిపాదన, రాసే సీనియర్ అసిస్టెంటు. ఆ సామెత ఊరికే పుట్టలేదు. బలం ఆఫీసరు కుర్చీది కాదు, గుమాస్తా సీటుదే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

కొర్రీరాయుడు: సగమే ఒప్పుకుంటా. సీటుకున్నది ఆపే బలం. ఇప్పించే బలం కాదు. కొర్రీ మీద కొర్రీ, అంటే అభ్యంతరం మీద అభ్యంతరం, వేసి బిల్లును నెలలు తిప్పొచ్చు. పైన ఒకరు "మాట్లాడండి" (వచ్చి నాతో చర్చించండి) అని మార్జిన్‌లో గీకితే అదే బిల్లు సాయంత్రానికి కదులుతుంది. పైగా ఒక్క పేజీ బదిలీ ఆర్డరుతో ఆ బలం పక్కవాడి పాలు. 1959లో ఫ్రెంచ్, రేవెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పలుకుబడికి ఐదు మూలాలు చెప్పారు: హోదా, మేలు చేయగలగడం, కీడు చేయగలగడం, పనితనం, మనిషి మీది గౌరవం. బదిలీ అయినా వెంట వచ్చేవి చివరి రెండే. మిగతావి ఆ సీటుతోనే ఉండిపోతాయి.

స్టాక్‌ఫైలు: రేవెన్ ఆ తర్వాత ఆరోది కలిపాడు రాయుడుగారూ, సమాచారం. మన చర్చకు కావలసింది అదే.

ఫ్రాన్సు ప్రభుత్వ పొగాకు ఫ్యాక్టరీల్లో మిషెల్ క్రోజియే అనే సామాజిక శాస్త్రవేత్త చూసింది ఇదే. అక్కడ అన్నీ రూలు ప్రకారమే నడిచేవి. ముందుగా తెలియనిది ఒక్కటే, యంత్రం ఎప్పుడు ఆగుతుందో. దాన్ని బాగుచేసే మెకానిక్కులకు హోదా పెద్దగా లేదు. అయినా సూపర్‌వైజర్లు వాళ్ల జోలికి వెళ్లేవారు కారు. యంత్రాల మాన్యువళ్లు, నక్షలు కనిపించేవి కావు, పని నోటిమాటగానే నేర్పేవారు. పాత జీవోలు, సర్క్యులర్లు కుట్టిన స్టాక్ ఫైలు బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకునే మన గుమాస్తా చేసేదీ అదే.

ఇక నోటు సంగతి. దరఖాస్తు 40 రోజులు ఆలస్యంగా వచ్చిందనుకోండి. ఒకరు ఇలా రాస్తారు: "గడువు దాటి 40 రోజులకు అందినది. తిరస్కరించవచ్చును." ఇంకొకరు: "ఆలస్యం 40 రోజులు. తగిన కారణముంటే మన్నించే అధికారము తమకు కలదు. కారణము కరెంటు ఫైలు 7వ పేజీలో కలదు." (కరెంటు ఫైలంటే వచ్చిన కాగితాలుండే భాగం.) రెంట్లోనూ అబద్ధం లేదు. మొదటిదానిమీద పది సెకన్లలో ఇనీషియల్ పడుతుంది, రెండోదానికి ఆఫీసరు 7వ పేజీ తిప్పాలి. మన్నించే రూలు ఉందని చెప్పకుండా వదిలేయడం, అదీ సీటు బలం. దాన్ని గౌరవం అనుకుంటేనే చిక్కు.

పచ్చనోటు: ఫైళ్లు కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు వచ్చాక అంత సులువు కాదు లెండి. పసుపు నోటు చిత్తు, మార్చుకోవచ్చు, పారేయవచ్చు. పచ్చనోటు పంపాక చెరగదు. ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లుందో తేదీ, టైముతో సహా తెలిసిపోతుంది. నోటు ఫైలు నకలు సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆపే బలం తగ్గింది. రాసే బలం అలాగే ఉంది.

స్టాక్‌ఫైలు: ఎవరి బలం ఎంతో వాళ్లే కొలుచుకోవచ్చు. మీరు చివరగా పెట్టిన పది ఫైళ్లు తీయండి. ఒకటే దారి చూపినవి ఒక వరుస, రెండు దారులు చూపినవి ఇంకో వరుస. మొదటి వరుసలో అన్నీ "ప్రతిపాదించినట్లే" అని తిరిగొస్తే దాన్ని నమ్మకం కింద లెక్కేయకండి, వేరే దారే లేదు కదా. రెండో వరుసలో మీరు సూచించిందే ఎన్నిసార్లు నిలిచిందో చూడండి. పనితనానికి లెక్క అక్కడ దొరుకుతుంది. "మాట్లాడండి" అని వచ్చినవాటిని విడిగా పెట్టండి. అవి ఎక్కువైతే నోటులో ఏదో తగ్గుతున్నట్టే.

కొర్రీరాయుడు: బాగానే ఉంది గానీ, రెండు దారులు రాస్తే "స్పష్టమైన ప్రతిపాదన లేదు" అని ఫైలు తిప్పికొట్టే సూపరింటెండెంట్లున్నారు. అందుకే చాలామంది ఒక్కటే రాసి ఊరుకుంటారు, దురుద్దేశంతో కాదు.

స్టాక్‌ఫైలు: నిజమే. రెండు దారులూ వాటి రూలు నంబర్లతో రెండు పేరాల్లో పెట్టి, మూడో పేరాలో ఏది మేలో, ఎందుకో ఒకే వాక్యంలో రాస్తే ఆ కొర్రీ పడదు. బీరువా తాళం మాత్రం సెలవు పెట్టే ముందు పక్క సీటుకిచ్చి వెళ్లండి. వారం తర్వాత వచ్చాక కూడా మిమ్మల్ని అడుగుతున్నారో లేదో చూడండి.

పచ్చనోటు: తాళం ఇస్తే అడగరేమోనన్నదే కదండీ అందరి భయం!