స్పానిష్ బీఏలో చేర్చాలా, బీకామ్ చేస్తూ పక్కన నేర్పించాలా?

పర్లాకిమిడి నాన్న:
మా అమ్మాయి ప్లస్ టూ ఆర్ట్స్, రెండో ఏడాది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఫోన్లో యాప్ పెట్టుకుని స్పానిష్ మొదలుపెట్టింది, ఇప్పుడు హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ బీఏ చేస్తానంటోంది. మా తమ్ముడు బరంపురంలో బీకామ్‌లో వేసి స్పానిష్ పక్కన నేర్పించమంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం బాబాయ్:
మీ తమ్ముడిదే సరైన మాట అన్నయ్యా. హైదరాబాద్ కంపెనీలకి కావలసింది లెక్కలు తెలిసి స్పానిష్ కూడా మాట్లాడే మనిషి, స్పానిష్ బీఏలో నవలలు చదివిన మనిషి కాదు. డెలే పరీక్ష అని ఉంది, స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. స్పానిష్‌లో డిగ్రీ లేకపోయినా రాయొచ్చు, ఒకసారి వస్తే దానికి గడువు లేదు. బీకామ్‌తో పాటు అందులో బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) పాసైతే చాలు కదా, మూడేళ్లు దానికే ఎందుకు?

గుణుపూర్ అమ్మాయి:
బాబాయ్, నేను ఢిల్లీలో స్పానిష్ బీఏ చేశాను, ఇప్పుడు అనువాదాలు చేస్తున్నాను. బీ2 అని ఒక్క మాటలో అనేశారు గానీ అక్కడికి చేరడమే అసలు కష్టం. యాప్‌తో ఏ2 దాకా, అంటే రెండో మెట్టు దాకా ఎలాగో వస్తారు, ఆ తర్వాత కోరిక, అనుమానం, భయం చెప్పాల్సి వచ్చినప్పుడు క్రియ రూపమే మారిపోతుంది, అది రోజూ నోటితో తప్పులు మాట్లాడి ఎవరో ఒకరు దిద్దితేనే పడుతుంది. బీకామ్ క్లాసులు అయ్యాక రాత్రి గంట కూర్చుంటే రాదు. సవర భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలని తన ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు, అది పర్లాకిమిడిలోనే జరిగింది కదా.

ఇక సాహిత్యం దండగ అనుకోవద్దు. స్పానిష్ ఇరవై దేశాల పైచిలుకు భాష, మెక్సికో వాడుక వేరు, అర్జెంటీనా వాడుక వేరు. చిలీ నుంచి గాబ్రియేలా మిస్త్రాల్‌కి 1945లో, నెరూడాకి 1971లో, కొలంబియా మార్కేస్‌కి 1982లో సాహిత్య నోబెల్ వచ్చింది. వాళ్లని అసలు భాషలో చదివితే ఆ దేశాల జనం దేనికి కోపగిస్తారో, ఎక్కడ మర్యాద చూస్తారో తెలుస్తుంది. నేను చేసే వ్యాపార ఉత్తరాల్లో కూడా రోజూ పనికొస్తున్నది అదే.

బరంపురం బాబాయ్:
పట్టుదల ఉన్నపిల్లవి, నీకు నడిచింది తల్లీ. అందరికీ నడవదు. మూడో ఏడాది కవిత్వం మీద విసుగొస్తే వెనక్కి రావడానికి దారేది? అందుకే ఆ పిల్లకి ఇష్టమైంది భాషా, సాహిత్యమా అన్నది ముందు తేల్చుకోమంటున్నాను.

రాయగడ తమ్ముడు:
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో మన ఒడిశా పిల్లలు నాన్‌లోకల్ అవుతారు. ఇఫ్లూ సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడ ఆ లోకల్ కోటా లేదు. కానీ ఓబీసీ అయితే ఒడిశాకి సంబంధించిన సెంట్రల్ లిస్టులో మీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఆంధ్రాలో ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉండాలని లేదు.

పర్లాకిమిడి నాన్న:
ఇది నాకు తెలియదు బాబూ, రేపే తహసీల్దారు ఆఫీసుకి వెళ్తాను. గుణుపూర్ అమ్మా, స్పానిష్ ముందే రాకపోతే సీటు ఇస్తారా? ఆడపిల్లని అంత దూరం పంపడం కూడా మా ఆవిడకి బెంగగా ఉంది.

గుణుపూర్ అమ్మాయి:
నేను చేరినప్పుడు నాకు ఒక్క ముక్క రాదండీ, మొదటి ఏడాది అక్షరాల నుంచే చెప్పారు. దూరం గురించి పిన్నిగారికి చెప్పండి, పలాసలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగడమే, ఇఫ్లూ ఉన్న తార్నాక అక్కడికి దగ్గరే. స్పానిష్ బీఏ ఉన్న ఢిల్లీ జేఎన్‌యూకి (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, ఇఫ్లూ నోటిఫికేషన్ విడిగా చూసుకోండి, రెండూ అప్లై చేయించండి. బాబాయ్ అడిగింది న్యాయమైన ప్రశ్నే, కాబట్టి ఈలోగా అమ్మాయి చేత స్పానిష్ కథలు ఇంగ్లీషు అనువాదంలో నాలుగైదు చదివించండి, ఇంకా కావాలని తనే అడిగితే బీఏలో చేర్చండి, పక్కన పడేస్తే బీకామ్ ఎలాగూ ఉంది.