ఆక్షేపించే అక్క పాత్రను వ్యంగ్య నవలలో ఎలా నిలపాలి?

చెన్నై మాంబళంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం చుట్టూ నేను వ్యంగ్య నవల రాస్తున్నాను. పెళ్లయిన తమ్ముడు మరొకరి భార్యతో సంబంధం పెట్టుకున్నాడని మొదట పసిగట్టేది అతని అక్క. ఆమె నిలదీసిన ప్రతిసారీ అది ఉపన్యాసంగా మారి నవ్వును చంపేస్తోంది.

‘ఆడబిడ్డ అర్ధమొగుడు’ అంటారు కదా. ఇన్నాళ్లూ మరదలి మీద పెత్తనం చేసిన మనిషికి ఇప్పుడు ఆమె పక్షానే నిలబడవలసి రావడంలో అసలు హాస్యం ఉందని నాకు తోస్తోంది.

కథాకాలం 2017. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ (మరొకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాణ్ణి నేరస్థుడిగా చూసేది) అప్పటికింకా అమల్లోనే ఉంది కనుక, అక్క తమ్ముణ్ణి జైలుకు పంపిస్తానని బెదిరిస్తుంది. అయితే ఆ ఫిర్యాదు రెండో స్త్రీ భర్త వైపు నుంచే రావాలి. మోసపోయిన భార్యకే లేని హక్కు ఆడబిడ్డకు ఎక్కడిది? అందుకని ఆమె ఆ అపరిచిత భర్తను వెతుక్కుంటూ తాంబరం రైలెక్కుతుంది. (ఈ ఒక్క అధ్యాయమే నాకు తృప్తినిచ్చింది.)

ఆమెను వ్యంగ్యానికి గురయ్యే పాత్రగా మలచాలా, లేక వ్యంగ్యం పలికే గొంతుగా ఉంచాలా? ఇటువంటి పాత్రలను రాసినవారు, ఆమె కోపం నీతిబోధ కాకుండా ఎలా జాగ్రత్తపడ్డారో దయచేసి చెప్పగలరా?