తల తప్పిస్తున్నాను, కానీ కౌంటర్‌లో బలం ఉండట్లేదు

ప్రశ్న:
14 నెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను, కుడిచేతి వాటం. స్పారింగ్‌లో (సాధన కోసం ఆడే పోరులో) అవతలివాళ్ల జాబ్‌లు (ముందున్న చేత్తో నేరుగా వేసే పంచ్‌లు) చాలావరకు తప్పించుకుంటాను. కానీ తిరిగి కొట్టిన దెబ్బ (కౌంటర్) తగిలినా వాళ్లు చలించరు, అలాగే మీదికి వచ్చేస్తారు. పంచింగ్ బ్యాగ్ మీద అదే కుడి పంచ్ గట్టిగా పడుతుంది. పెద్ద బాక్సర్లు దెబ్బ తప్పించుకుంటూనే అంత బలంగా ఎలా కొడతారు? డిఫెన్స్, పవర్ వేర్వేరుగా సాధన చేయాలా?

జవాబు 1:
వేర్వేరుగా చేయడమే అసలు ఇబ్బంది అని నా నమ్మకం. నాకూ ఇదే జరిగింది. మా కోచ్ మెల్లగా జాబ్ వేసి, నేను తప్పుకోగానే "ఆగు, కదలకు. బరువు ఏ కాలి మీద ఉంది?" అని అడిగేవారు. ప్రతిసారీ రెండు మడమల మీదే ఉండేది. నేను నడుము దగ్గర వెనక్కి వాలుతున్నాను. తల తప్పేది, కానీ అక్కణ్నుంచి కొట్టడానికి కాళ్ల సాయం ఉండేది కాదు, చేతి బలం ఒక్కటే మిగిలేది.

జాబ్‌కి బయటివైపు, అంటే మీ కుడికి జరిగితే బరువు కుడికాలి మీదికి రావాలి. మోకాలు కాస్త వంగాలి, తుంటి తిరగాలి. అక్కడితో క్రాస్‌కి, అంటే వెనక చేత్తో నేరుగా కొట్టే కుడి పంచ్‌కి, సగం పని అయిపోయినట్టే. ఎడమకు జరిగితే అదే విధంగా ఎడమ హుక్ (పక్కనుంచి తిప్పి కొట్టే పంచ్) సిద్ధమవుతుంది. అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ షోల్డర్ రోల్‌లో జరిగేదీ ఇదే. ఎదుటివాడి కుడి పంచ్ ఎడమ భుజం మీద జారిపోయేలా ఒళ్లు తిప్పుతాడు. ఆ తిరగడంలోనే అతని కుడిచెయ్యి విల్లులా వెనక్కి లాగబడుతుంది.

జవాబు 2:
పైన చెప్పింది నిజం, కానీ బలంలో పెద్ద వాటా ఎదుటివాడిదే. 2012 డిసెంబర్ 8న లాస్ వేగస్‌లో బాక్సర్లు మార్కెజ్, పక్వియావోల నాలుగో పోరు ఎన్నిసార్లు చూశానో. ఆరో రౌండ్ ఇంకో సెకనులో ముగుస్తుందనగా పక్వియావో ముందుకు దూకాడు. మార్కెజ్ కుడిచెయ్యి సరిగ్గా అతను వచ్చే దారిలోకి వెళ్లింది. పక్వియావో బోర్లా పడిపోయాడు. అప్పటికి ఐదో రౌండ్‌లో మార్కెజ్ కూడా కిందపడి లేచినవాడే. రెండు ఒళ్ల వేగం ఒకే చోట కలిసింది. మీరు తప్పించుకున్నాక క్షణం ఆగి కొడుతున్నారేమో, అప్పటికి ఎదుటివాడు కాళ్లు కుదురుకుని, దెబ్బకు సిద్ధంగా ఉంటాడు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఫోన్‌లో రికార్డ్ చేసి చూసుకున్నాను. మీరిద్దరూ చెప్పిన రెండు తప్పులూ ఉన్నాయి. ముఖ్యంగా కుడి మోకాలు కర్రలా నిటారుగా ఉంటోంది. కానీ ఎదుటివాడు ఎప్పుడు వస్తాడో ముందే ఎలా తెలుస్తుంది? జాబ్ కనిపించాక కదిలితే ఆలస్యమవుతోంది.

జవాబు 1:
చూసి కదలడం కాదండీ, ఎదుటివాడి అలవాటు కనిపెట్టాలి. 1936లో అప్పటిదాకా ఓటమి ఎరగని అమెరికా బాక్సర్ జో లూయిస్‌ని జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ 12వ రౌండ్‌లో పడగొట్టాడు. జాబ్ వేశాక లూయిస్ ఎడమచెయ్యి కిందికి దిగుతుందని ముందే గమనించి, ఆ సందులోంచి కుడి పంచ్ పంపుతూ వచ్చాడు. నా దృష్టిలో కౌంటర్ అంటే ఇదే. తర్వాతి స్పారింగ్‌లో మొదటి రౌండ్ గెలవాలని చూడకండి. జాబ్ తర్వాత అతని చెయ్యి ఎటు పోతుందో, ముందుకొచ్చే ముందు ఏ కాలు కదులుతుందో చూడండి. రెండో రౌండ్‌లో మోకాలు వంచి ఒక్క కుడి క్రాస్ మాత్రమే ప్రయత్నించండి, అదీ మెల్లగా. ఎదురొచ్చేవాడికి మెల్లని దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది, మీ భాగస్వామి జాగ్రత్త.