అప్‌డేట్: పాత చిన్న కారు డోర్ల అడుగున తుప్పు

ముందు అడిగింది ఇదీ: డోర్ల కింది అంచుల్లో పెయింట్ పొంగుతోంది, హైదరాబాద్ వానలు మొదలయ్యేలోపు నల్ల రబ్బరు కోటింగ్ కొట్టిస్తే ఆగుతుందా అని. అందరూ వద్దన్నారు, సరైన మాటే. తుప్పు మీద కోటింగ్ పడితే తేమ లోపలే ఉండిపోతుంది. పైకి నున్నగా కనబడుతూనే లోపల తుప్పు రేకును తినేస్తుంది.

అసలు కారణం డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు. అద్దం పక్క రబ్బరు దాటి లోపలికి దిగే వాన నీళ్లు వాటిలోంచే బయటికి రావాలి. మట్టి, ఎండుటాకులు చేరి అవి మూసుకుపోయాయి. ప్లాస్టిక్ కేబుల్ టైతో పొడిస్తే చాలు. ఇనుప చువ్వతో లోపలి పెయింట్ గీరుకుపోతుంది.

తర్వాత వైర్ బ్రష్, 80 నంబర్ ఎమరీ (గరుకు కాగితం), మెరిసే రేకు తేలేదాకా. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే రసాయనం) పల్చగా. పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే, తేమను ఆపే పూత) రెండు సార్లు, ఆపైన రంగు. డోర్ల లోపలికి పొడవాటి నాజిల్‌తో కావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం). కారిన వ్యాక్స్ అవే రంధ్రాల్లో గడ్డకడుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ పొడవాలి. కారు అడుగున కూడా వ్యాక్స్ కొట్టిస్తే బ్రేక్ డిస్కులు, సైలెన్సర్ కప్పించండి, చెప్పకపోతే చాలామంది కప్పరు.

మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఉన్నవాళ్లకు ఇది చాలదు. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది, వ్యాక్స్ ఏటా చలికి ముందే వేయాలి, చలికాలమంతా అడుగు కడుగుతుండాలి.