గ్రాంటు రాసిపెట్టినందుకు 15 శాతం: ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా?

పేట ట్యూషన్:
అందరికీ నమస్కారం. పెద్దజాలరిపేటలో సాయంత్రం పూట పిల్లలకి ఉచితంగా చదువు చెప్పే చిన్న సొసైటీ మాది. రిజిస్ట్రేషన్, పాన్ ఉన్నాయి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) కూడా వచ్చాయి. విశాఖలోనే ఒక కంపెనీ బస్తీల్లో పనిచేసే సంస్థలకి లక్ష, రెండు లక్షల చొప్పున చిన్న గ్రాంట్లు ఇస్తామని ప్రకటించింది. ఫారం మొత్తం ఇంగ్లీషు. లాజికల్ ఫ్రేమ్‌వర్క్ అట, బేస్‌లైన్ అట, గళ్ల మీద గళ్లు. మా కమిటీలో ఇద్దరు టీచర్లు, మిగతా అంతా పేటవాళ్లే. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన వచ్చారు. "మొత్తం నేను రాసిపెడతాను, శాంక్షన్ అయితే 15 శాతం ఇవ్వండి, రాకపోతే పైసా వద్దు" అన్నారు. రెండు లక్షలకి ముప్పై వేలు. కమిటీలో సగం మంది సరే అనేశారు. నాకు మనసు ఒప్పడం లేదు గానీ ఎందుకు వద్దో వాళ్లకి సరిగ్గా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

గాజువాక కుర్రోడు:
రాకపోతే పైసా వద్దన్నాడు కదా, ఇంకేటండీ ఆలోచన? లక్షా డెబ్బై వేలు చేతికొస్తాయి. ఆయన్ని వద్దంటే చేతికొచ్చేది సున్నా.

అక్కయ్యపాలెం ఆడిటర్:
లెక్క అంత తేలిక కాదు తమ్ముడూ. డబ్బు ఖర్చయ్యాక, దేనికెంత పెట్టారో చూపిస్తూ కంపెనీకి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. యూసీ అంటారే, అది. దాని మీద సీఏ సంతకం కావాలి. బడ్జెట్‌లో టీచర్ల గౌరవ వేతనం, పుస్తకాలు, అద్దె, కరెంటు అని రాసుకుంటారు. ముప్పై వేల కమీషన్ ఏ పద్దులో చూపిస్తారు? కంపెనీ ఆ పద్దు ఒప్పుకోదు. అప్పుడేమవుతుంది? నలభై వేల బల్లలకి డెబ్బై వేల బిల్లు తెస్తారు. లేదంటే రాని టీచర్ పేరు మీద వోచర్ రాసి సంతకం పెట్టిస్తారు. ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. తెచ్చేవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే, వాళ్ల జేబులోకి రూపాయి పోదు. కానీ సంతకం పెట్టేది కార్యదర్శి, కోశాధికారి. రేపు ఎవరైనా ఆ షాపుకి ఫోన్ చేసి అడిగితే ఆ పర్సెంటేజీ ఆయన కనపడడు.

ఇంకోటి. శాతం లెక్క మీద రాసేవాడు మీకు తొంభై వేలు చాలినా రెండు లక్షలే రాస్తాడు. తర్వాత ఆ రెండు లక్షలు ఖర్చుపెట్టి చూపించాల్సింది మీరు.

మధురవాడ ప్రాజెక్ట్ రైటర్:
నేను ఆ పనే చేస్తాను కాబట్టి నన్ను తిట్టే ముందు కాస్త వినండి. అప్లికేషన్ అంటే ఇంగ్లీషు రాయడం ఒక్కటే కాదు. ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, హాజరు రిజిస్టర్ ఉందా, గది ఎవరిది, మూడు కొటేషన్లు తెచ్చారా, ఏడాది తర్వాత ఏం మారిందో ఎలా చూపిస్తారు, ఇవన్నీ సంస్థవాళ్లతో కూర్చుని రాబట్టాలి. వాళ్ల దగ్గర రాసి పెట్టింది ఏమీ ఉండదు. మినిట్స్ బుక్ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇది పని. పనికి డబ్బు అడిగితే తప్పేంటి?

పెద్ద సంస్థల్లో ఫండ్ రైజింగ్‌కి విడిగా మనుషులుంటారు, నెలనెలా జీతం తీసుకుంటారు. దాన్ని ఎవరూ కమీషన్ అనరు. పేటలో పనిచేసే సంస్థ ఒకరికి ఐదు వేలు ఇస్తే మాత్రం అందరికీ నీతి గుర్తొస్తుంది. ముందుగా ఇవ్వడానికి చిన్న సంస్థల దగ్గర డబ్బుండదు, అందుకే "వస్తే ఇస్తాం" అని వాళ్లే అడుగుతారు. నా వరకు నేను ఫిక్స్‌డ్ ఫీజే తీసుకుంటాను, రసీదు ఇస్తాను. కానీ శాతం అడిగినవాళ్లందరినీ దొంగల్లో కలిపేయకండి.

అక్కయ్యపాలెం ఆడిటర్:
మేడం, ఫీజు తప్పని నేనెక్కడా అనలేదు. సభ్యత్వ రుసుం నుంచో, సొంత విరాళాల నుంచో ఇచ్చి, పుస్తకంలో రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పేది ఒక్కటే: గ్రాంటులోంచి తీసి వేరే పేరుతో చూపించకూడదు.

పోర్టు రిటైర్డ్:
అసలు ఈ గ్రాంట్ల గొడవ ఎందుకండీ? చవితి వస్తే గాజువాకలో పందిళ్లు చూడండి, విగ్రహం ఎంతెత్తు ఉంటుందో. ఆ డబ్బంతా ఏ ఫారం నింపితే వచ్చింది? యాభై మందిని పట్టుకుని నెలకి రెండొందలు అడగండి. నెలకి పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. యూసీ అక్కర్లేదు, లాజికల్ ఏదో అక్కర్లేదు. ఇచ్చినవాడు సాయంత్రం వచ్చి పిల్లల్ని చూసుకుని పోతాడు.

గాజువాక కుర్రోడు:
చవితికి ఇస్తే మైకులో పేరు చదువుతారు సార్. ట్యూషన్‌కి ఇస్తే ఎవరు చదువుతారు?

పేట ట్యూషన్:
పోర్టు గారూ, మీ లెక్క ఎంవీపీ కాలనీలో నడుస్తుంది. మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు చాలా ఇళ్లు ప్రభుత్వ భృతి మీదా అప్పుల మీదా నడుస్తాయి. జూన్‌లో బడి తెరిచేసరికి పిల్లలకి నోటు పుస్తకాలు కావాలి, సరిగ్గా అప్పుడే చేతిలో డబ్బుండదు. పేటవాళ్లు ఇవ్వరని కాదు. గది వాళ్లే ఇచ్చారు, అద్దె తీసుకోరు. నెలనెలా కట్టమని మాత్రం నేను అడగలేను.

పోర్టు రిటైర్డ్:
పేటవాళ్లని అడగమని ఎవరన్నారు? ఎంవీపీ కాలనీవాళ్లనే అడగండి, పక్కనే కదా.

సింధియా మాజీ ఉద్యోగి:
ఒక కంపెనీ సీఎస్సార్ విభాగంలో, అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టే విభాగంలో, పనిచేసి వచ్చాను. కమీషన్ మాట తర్వాత, ముందు ఆ డబ్బు మీకు రాగలదో లేదో చూసుకోండి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్సార్‌కి పెట్టాలి. లాభంలో శాతం కాబట్టి స్టీల్ ప్లాంటులా ఏళ్ల తరబడి నష్టాలు చూసే సంస్థ దగ్గర, అది ఎంత పెద్దదైనా, ఆశించేదేమీ ఉండదు. తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెప్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి, "మీ పేట మా ప్రాంతం కాదు" అనేవాళ్లు ఎదురవుతారు. ప్రకటనలో ఏ ప్రాంతాలో చదివారా?

ఇక మీ కాగితాలు. బయటి సంస్థ ద్వారా ఖర్చుపెట్టాలంటే ఆ సంస్థకి 12ఏ, 80జీతో పాటు కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్సార్-1 నంబరు ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. మీ పోస్టులో సీఎస్సార్-1 మాటే లేదు. అది లేకుండా ఎంత గొప్పగా రాసినా ఫైలు పక్కకి పోతుంది. ఆ 15 శాతం ఆయన ఈ సంగతి చెప్పారా? చెప్పకపోతే ఆయన్ని వద్దనడానికి అదొక్కటే చాలు.

దొడ్డిదారి కాని ఇంకో దారి ఉంది. చట్టం ప్రకారం కంపెనీ తన సీఎస్సార్ తనే నేరుగా చేసుకోవచ్చు. మీకు డబ్బు ఇవ్వకుండా బల్లలు, పుస్తకాలు, ఫ్యాన్లు తనే కొని షాపుకి కట్టేస్తే సరిపోతుంది. మీకు కాగితాలు పూర్తిగా లేకపోయినా అలా అడగొచ్చు. అడగడానికి మంచి కాలం జనవరి నుంచి మార్చి. ఏడాది చివరికి ఖర్చవ్వని డబ్బు, కొనసాగుతున్న ప్రాజెక్టుది కాకపోతే, చట్టం చెప్పిన నిధులకి జమ చెయ్యాలి. అందుకే ఫిబ్రవరిలో మా ఆఫీసులో అందరికీ చిన్న సంస్థలు గుర్తొచ్చేవి.

కన్సల్టెంట్ రాసినవి మాకు తెలిసిపోయేవి. మూడు బస్తీల నుంచి ఒకే పేరా వచ్చేది, బస్తీ పేరు మాత్రం మారేది. ఒకసారి అదీ మార్చడం మర్చిపోయారు.

ఆరిలోవ లైబ్రరీ:
వస్తువులు అడగండి అన్నారు కాబట్టి మా అనుభవం చెప్తాను. ఒక కంపెనీ మాకు కంప్యూటర్లు ఇచ్చింది. బ్యానర్ కట్టారు, ఫోటోలు దిగారు, వెళ్లిపోయారు. నేర్పించే మనిషికి జీతం అడిగితే "అది అడ్మిన్ ఖర్చు, 5 శాతం దాటకూడదు" అన్నారు. కంప్యూటర్ల మీద దుప్పటి కప్పి ఉంచాం. ట్యూషన్‌కి కావలసింది టీచర్. బల్ల లేకపోతే చాప మీద చెప్పొచ్చు. టీచర్ లేకపోతే బల్లలేం చేసుకుంటారు?

సింధియా మాజీ ఉద్యోగి:
మీకు చెప్పినవాళ్లు పొరబడ్డారండీ. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్సార్ విభాగం నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. పిల్లలకి చదువు చెప్పే ప్రాజెక్టులో టీచర్‌కి ఇచ్చేది నేరుగా ప్రాజెక్టు ఖర్చు, అందులోకి రాదు. అయితే కింది స్థాయి ఆఫీసర్ "వద్దు" అంటే నిబంధన చూపించి వాదించే బలం చిన్న సంస్థకి ఉండదు, అది నిజం.

మధురవాడ ప్రాజెక్ట్ రైటర్:
అదిగో, వాదించడానికే మాలాంటివాళ్లు కావాలి. నేనైతే టీచర్ గౌరవ వేతనాన్నే బడ్జెట్‌లో మొదటి లైన్‌గా పెడతాను, బల్లలు చివర. తగ్గించమంటే బల్లలు తగ్గించుకుంటాం.

ఇంకో మాట. లక్ష రూపాయలకీ కోటి రూపాయలకీ ఒకే దొంతర కాగితాలు అడిగే కంపెనీని ఎవరూ ఏమీ అనడం లేదు. తెలుగులో రెండు పేజీలు తీసుకుని, వచ్చి పిల్లల్ని చూసి ఇస్తే 15 శాతం వాడికి ఇక్కడ పనేముంటుంది?

గాజువాక కుర్రోడు:
అందరూ బాగానే చెప్తున్నారు. ఆఖరికి ఆ ఫారం ఎవరు రాస్తారు?

ఆరిలోవ లైబ్రరీ:
ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఉంది. వాళ్ల విద్యార్థులకి ఫీల్డ్‌వర్క్ చదువులో భాగం. అడిగి చూడండి.

మధురవాడ ప్రాజెక్ట్ రైటర్:
అడగండి, గానీ బడ్జెట్ మాత్రం వాళ్లకి వదలకండి. పిల్లల వివరాలు, సర్వే వరకు వాళ్లు చక్కగా చేస్తారు.

పేట ట్యూషన్:
ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఇక్కడి మాటలన్నీ చదివి వినిపిస్తాను. ఆడిటర్ గారు అడిగిన "ఏ పద్దులో?" అన్నదానికి మా కోశాధికారి దగ్గర కూడా జవాబు లేదు, ఫోన్‌లో అడిగితే నవ్వేశాడు. ఆ 15 శాతం అడిగినాయన్ని ఐదు వేల ఫిక్స్‌డ్ ఫీజుకి, మా సభ్యత్వ డబ్బు నుంచి, రసీదుతో చేస్తారా అని అడుగుతాం. శాతమే కావాలంటే వద్దు. సీఎస్సార్-1 మాకు లేదు. ఈ గడువులోపు వస్తుందా?

అక్కయ్యపాలెం ఆడిటర్:
ఫారం ఆన్‌లైన్‌లోనే. కార్యదర్శి డిజిటల్ సంతకం కావాలి, ప్రాక్టీసులో ఉన్న సీఏనో కంపెనీ సెక్రటరీనో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. డిజిటల్ సంతకం లేకపోతే ముందు అది తీసుకోండి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ ఏటి కమిటీ జాబితా దాఖలు చేశారా? పాత కార్యదర్శి పేరు ఒకచోట, కొత్త పేరు ఇంకోచోట ఉంటే అక్కడే ఆగిపోతుంది.

పేట ట్యూషన్:
జాబితా దాఖలు చేశాం. డిజిటల్ సంతకం లేదు.

గాజువాక కుర్రోడు:
ఆయన ఐదు వేలకి రానంటే?

పోర్టు రిటైర్డ్:
రాకపోతే పోనీ. సర్వీసంతా ఇంగ్లీషు నోట్లు రాసినవాణ్ణే. మీరు తెలుగులో రాసి పంపండమ్మా, ఇంగ్లీషు నేను చూస్తాను, ఫీజేమీ వద్దు. చందా విషయంలో మాత్రం నా మాట నాదే. ఎంవీపీలో మా ఫ్లాట్లవాళ్ల దగ్గర రేపటి నుంచి నేనే మొదలుపెడతాను, రసీదు పుస్తకం ఒకటి పంపండి.