‘క్యారెక్టర్ యాక్టర్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఇంగ్లిష్ నటుడు పీట్ పోసల్‌త్వెయిట్ (1946–2011) గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో ఆయన్ని ఎవరు పరిచయం చేసినా ‘క్యారెక్టర్ యాక్టర్’ అనే అంటారు. తెలుగులో సహాయ నటుడు, గుణచిత్ర నటుడు, క్యారెక్టర్ నటుడు అని మూడు మాటలు కనిపిస్తున్నాయి. వీటిలో ఏది వాడమంటారు? నిఘంటువు అర్థం కన్నా, చదివేవాళ్ళకి ఆ మనిషి చేసిన పని తెలియడం ముఖ్యం.

జవాబు: ‘సహాయ నటుడు’ మాత్రం వద్దండీ. అది ఒక సినిమాలో ఒక పాత్రకు ఉండే స్థాయిని చెప్పే మాట. ‘క్యారెక్టర్ యాక్టర్’ అన్నది ఆ నటుడి జీవితకాలపు పనికి పెట్టిన పేరు. రెండూ ఒకటి కావు కాబట్టే నంది అవార్డుల్లో ఉత్తమ సహాయ నటుడు, ఉత్తమ క్యారెక్టర్ నటుడు అని రెండు విభాగాలు పెట్టారు.

మీ నటుడినే తీసుకోండి. ‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’ (1993)కి ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది సహాయ నటుడి విభాగంలోనే. ఆ సినిమా వరకు ఆ మాట సరిపోతుంది. కానీ ‘బ్రాస్డ్ ఆఫ్’ (1996)లో ఆయనదే ప్రధాన పాత్ర. బొగ్గు గని మూతపడబోతుంటే, గని కార్మికుల బ్యాండును ఎలాగైనా నిలబెట్టాలని చూసే బ్యాండ్ మాస్టర్. 2008లో లివర్‌పూల్ ఎవ్రీమాన్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకంలో ప్రధాన పాత్ర, కింగ్ లియర్ వేశారు. లియర్ ఎవరికి సహాయం చేస్తాడు చెప్పండి?

మనవాళ్ళలోనూ ఇదే చిక్కు. ‘నర్తనశాల’లో కీచకుడు హీరో కాదు. అయినా జకార్తా ఆఫ్రో–ఆసియా చిత్రోత్సవంలో ఎస్వీ రంగారావుకి ఇచ్చింది ఉత్తమ నటుడి బహుమతే.

మరొక జవాబు: నా ఓటు ‘గుణచిత్ర నటుడు’కి. వినసొంపుగా ఉంటుంది. తమిళంలో పత్రికలు రోజూ వాడే మాటే అది.

మొదటి జవాబు ఇచ్చినవారు: తమిళంలో వాడుకలో నలిగింది కాబట్టి వాళ్ళకి ఇబ్బంది లేదు. మనకి ‘గుణం’ అనగానే మంచితనం గుర్తొస్తుంది. 1994లో ‘షార్ప్’ టీవీ సినిమాల్లో ఈయన వేసిన సార్జెంట్ హేక్స్‌విల్‌ని చూశారా? నెపోలియన్ కాలపు బ్రిటిష్ సైన్యంలో పరమ నీచుడు. టోపీలోకి చూస్తూ తల్లితో మాట్లాడుతుంటాడు. ఆ పాత్ర పక్కన ‘గుణచిత్రం’ అని రాస్తే నాకైతే నవ్వొస్తుంది. ‘క్యారెక్టర్’కి కూడా మన దగ్గర శీలం అన్న అర్థం ఉందనుకోండి, కానీ సినిమా సందర్భంలో ఎవరూ అలా పొరబడరు.

ఇంకొకరు: అయితే హేక్స్‌విల్ విలన్ కదండీ? మన లెక్కలో విలన్ వేరు, క్యారెక్టర్ ఆర్టిస్ట్ వేరు. ‘క్యారెక్టర్ ఆర్టిస్ట్’ అంటే మనకి తండ్రి, బాబాయి, ఊరి పెద్ద, డాక్టరు. హీరో వేషాలు తగ్గాక వేసే వేషాలు అని కూడా ఒక అర్థం స్థిరపడిపోయింది. పాఠకుడు ఈయన్నీ అలాగే అనుకోడా?

మొదటి జవాబు ఇచ్చినవారు: అసలు తేడా మీరు పట్టుకున్నారు. ఇంగ్లిష్ నాటక కంపెనీల్లోనూ ఒకప్పుడు కథానాయకుడు, యువకుడు, దుష్టుడు, హాస్యగాడు అని నటుల్ని విడగొట్టి పెట్టుకునేవారు. తర్వాత ఆ గీతలు చెరిగి, తన రూపాన్నీ యాసనీ నడకనీ పాత్రకి తగ్గట్టు మార్చేసుకోగలిగే వాడికి ‘క్యారెక్టర్ యాక్టర్’ పేరు నిలిచింది. మనకి గీతలు ఇంకా కొంత మిగిలున్నాయి. పోసల్‌త్వెయిట్ హీరో వేషాల నుంచి ఇటు దిగిన మనిషి కాదు. వారింగ్టన్‌లో పుట్టి, కొన్నాళ్ళు నాటకం నేర్పే టీచరుగా చేసి, బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక స్కూల్లో చదివి, లివర్‌పూల్ రంగస్థలం మీద ఎదిగాడు. బుగ్గల ఎముకలు పొడుచుకొచ్చిన ఆ ముఖంతో మొదటి నుంచీ ఇదే పని.

తండ్రి వేషాలన్నారు కాబట్టి ఆయన వేసిన ఇద్దరు తండ్రుల్ని చూడండి. ‘డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్’ (1988)లో భార్యాబిడ్డల్ని చావగొట్టే తండ్రి. ఇల్లంతా అతనికి హడలు. అయిదేళ్ళకి ‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’లో చేయని నేరానికి కొడుకుతో పాటు జైలుకెళ్ళే జుసెప్పె కాన్లన్, నెమ్మదస్తుడు, బెల్‌ఫాస్ట్ వాడు. నిజంగా బతికిన మనిషి, 1980లో ఖైదులో ఉండగానే పోయాడు. రెండూ తండ్రి వేషాలే, ఒకడికొకడు బొత్తిగా పోలిక లేదు. కొడుకుగా వేసిన డేనియల్ డే లూయిస్ ఈయనకన్నా పదకొండేళ్ళే చిన్న.

ఇంకొకరు: అందులో మనవాళ్ళే ఘనులు లెండి. ‘అర్ధాంగి’ (1955)లో అక్కినేనికి తండ్రిగా వేసిన గుమ్మడి వయసులో ఆయనకన్నా చిన్న!

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి ‘ద యూజువల్ సస్పెక్ట్స్’ (1995)లో కొబయాషి? ఆ లాయరు పేరు జపాన్‌ది, మనిషి చూస్తే కాదు, యాస ఏ దేశానిదో పట్టుకోలేం. తండ్రీ కాదు, మామూలు విలనూ కాదు. దాన్ని ఏ గదిలో పెట్టాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు: ఏ గదిలోనూ వద్దు. ‘క్యారెక్టర్ నటుడు’ అనే రాసి, వెంటనే రెండు పాత్రలు చెప్పండి. హేక్స్‌విల్, జుసెప్పె పక్కపక్కన పెడితే ఇక మాటకి వివరణ అక్కర్లేదు. ‘ఆర్టిస్ట్’ బదులు ‘నటుడు’ అంటే ఆ తండ్రి–బాబాయి వాసన కొంత తగ్గుతుంది. హాలీవుడ్ దర్శకుడు స్పీల్‌బర్గ్ ఆయన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడు అన్నాడని అందరూ రాస్తారు, మీరూ రాస్తారు. దాని మీద ఆయన వేసిన జోకు వదలకండి. ‘ప్రపంచంలో తానే గొప్ప నటుణ్ణని పీట్ అనుకుంటాడు’ అని స్పీల్‌బర్గ్ అని ఉంటాడు, వీళ్ళు సగమే రాసుకున్నారు అనేవాడట.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘క్యారెక్టర్ నటుడు’ ఖాయం. ఇంటిపేరు మాత్రం ఇంకా తేలలేదు. ‘త్వెయిట్’ అనాలా, ‘థ్వెయిట్’ అనాలా?

మరొక జవాబు: మన ‘థ’ అయినా వాళ్ళ శబ్దం కాదు, ‘త్వ’ చదవడానికి తేలిక. అన్నట్టు, ఆ పేరు మార్చుకోమని మొదట్లో ఏజెంట్లే చెప్పారట. అంత పొడుగు పేరు దీపాలతో రాయాలంటే థియేటర్లు కరెంటు బిల్లు కట్టలేవని. ఆయన మార్చుకోలేదు. మీరూ కుదించకండి.