కాస్మోస్-482 పడిన రోజు మీరు ఏ అంచనాను నమ్మారు?

కావలి_దూరదర్శిని:
2025 మే 10కి ముందు రెండు రోజులూ ఒక్కో చోట ఒక్కో సమయం చూశాను. శుక్రగ్రహానికని 1972లో సోవియట్ వాళ్లు పంపితే భూకక్ష్యలోనే చిక్కుకుపోయిన నౌక ఇది. దాదాపు 495 కిలోల ల్యాండర్, శుక్రుడి వేడికీ ఒత్తిడికీ తట్టుకునేలా చేసినది కాబట్టి కాలిపోకుండా కిందికి రావచ్చన్నారు. 53 ఏళ్లు తిరిగిన వస్తువు ఏ గంటకు పడుతుందో చివరి రోజున కూడా ఎందుకు చెప్పలేకపోయారు?

కక్ష్యాలెక్క:
సమయం పక్కన ± గుర్తుతో ఇచ్చిన అంకె చూశారా? నేను ముందు చదివేది దాన్నే. పడటానికి మిగిలిన కాలంలో అయిదో వంతు అటూ ఇటూ వేసుకోవడం నా పద్ధతి. పది గంటలు మిగిలి ఉంటే రెండు గంటలు ముందైనా కావచ్చు, వెనకైనా కావచ్చు. సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కదా, ఒక్క గంట తేడాకే 28,000 కిలోమీటర్లు. ముందు రోజే ఊరి పేరు చెప్పేవారి మాట దయచేసి ఎవరికీ పంపకండి.

సౌరజ్వాల:
తేడా ఎక్కువగా గాలి వల్లే వస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉంటే పై వాతావరణం ఉబ్బి వస్తువును ఎక్కువగా వెనక్కి లాగుతుంది. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 వరకు సూర్యుడి వల్ల రేగిన భూ అయస్కాంత తుఫాను వల్లే పోయాయి. వస్తువు దొర్లుతూ ఉంటే గాలికి ఎదురయ్యే వైశాల్యం కూడా మారుతుంటుంది. అందుకే నేను కొత్త కక్ష్యా వివరాలు వచ్చిన ప్రతిసారీ కనిష్ఠ ఎత్తు, అంటే భూమికి అతి దగ్గరగా వచ్చినప్పటి ఎత్తు, రాసుకుంటాను. అది ఎంత తొందరగా తగ్గుతోందో చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

తూర్పుతీరం:
ఆ రోజు చివరి ఆధారం జర్మనీ రాడార్. మన సమయం ప్రకారం ఉదయం 11:34కి అక్కడ కనిపించింది. మధ్యాహ్నం 1:02కి మళ్లీ రావాలి, రాలేదు. అంటే ఆ మధ్యలోనే పడింది. రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మోస్ లెక్క ప్రకారం 11:54కి మధ్య అండమాన్‌కు పడమరగా 560 కిలోమీటర్ల దూరంలో, అంటే మన బంగాళాఖాతం మీదే, దట్టమైన వాతావరణంలోకి దిగి, జకార్తాకు పడమరన హిందూ మహాసముద్రంలో పడింది. కొన్ని నిమిషాలు ముందే దిగి ఉంటే దారి నేల మీదుగా ఉండేది!

స్కైలాబ్_తరం:
1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని మా ఊళ్లో భయంతో కోళ్లూ మేకలూ కోసుకుతిన్నారు. చివరికి జూలై 11న ముక్కలు పడింది ఆస్ట్రేలియాలో, ఎస్పెరాన్స్ చుట్టుపక్కల. ఆ రోజుల్లో మాకు దారి పటం చూపించినవారే లేరు.

కావలి_దూరదర్శిని:
అందరికీ ధన్యవాదాలు. సొంతంగా లెక్క కట్టడం నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి?

కక్ష్యాలెక్క:
వాడేసిన రాకెట్ దశలతో. తరచూ పడుతుంటాయి. చంద్రయాన్-3ని మోసిన రాకెట్ పైదశ 2023 నవంబర్ 15న మధ్యాహ్నం 2:42 ప్రాంతంలో దిగింది. దాని పాత కక్ష్యా వివరాలు తీసుకుని, చివరి వారం వివరాలు చూడకుండా పక్కన పెట్టి మీ అంచనా వేయండి. తర్వాత అసలు సమయంతో పోల్చండి. అంకెలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.